పైమడి నీళ్ళు

ముందు మా నాన్న గొంతు గురించి చెప్పాలి. అది చెప్పకుండా నేను సిపాయినెలా అయ్యానో చెప్పడం కుదరదు.

కర్ణాటకలో సింధనూరు దాటి కొంత దూరం పోతే, తుంగభద్ర కాలువ చిట్టచివరి పాయ మీద ఉంటుంది మా క్యాంపు. కాలువ వచ్చిన కొత్తల్లో కోస్తా నుంచి వచ్చి నల్లరేగడి కొనుక్కుని స్థిరపడ్డవాళ్ళ ఊళ్ళన్నిటినీ ఇక్కడ క్యాంపులనే అంటారు. తరాలు గడిచినా, ఇళ్ళకి స్లాబులు పడి మేడలు లేచినా, ఇంకా క్యాంపే. మా తాత లారీలో సామాను వేసుకుని వచ్చేనాటికి మా నాన్న చంటిపిల్లాడట. ఇక్కడే పెరిగాడు, ఇక్కడే మీసం వచ్చింది, ఇక్కడే ఆ గొంతూ వచ్చింది. ఆయన "అన్నం తిన్నావా" అని అడిగినా కొత్తవాళ్ళకి తగాదాకి వచ్చినట్టే ఉంటుంది. మా చుట్టాలు ఫోన్ ఎత్తి చెవికి బెత్తెడు దూరంలో పట్టుకుంటారు.

ఆ గొంతుకి కారణం నీళ్ళు. కాలువ మొదట్లో పొలాలున్నవాళ్ళ గొంతులు మెత్తగా ఉంటాయి. ఎందుకుండవు? తూము ఎత్తితే నీళ్ళు, దింపితే నీళ్ళు. మాది చివరి ఆయకట్టు. పైవాళ్ళందరూ తాగి, కడుక్కుని, పారబోసుకున్నాక మిగిలింది మాకు. కాలువలో నీళ్ళున్నాయంటే మా తూములోకి వచ్చాయని కాదు, తూములోకి వచ్చాయంటే మా మడిలోకి చేరాయనీ కాదు. మధ్యలో ఇంకో మడి ఉంది మరి. దానిది పైన, మాది కింద. ఆ పైమడి పెద్దమ్మది.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. క్యాంపు పక్కనున్న పాత ఊరి మనిషి. రాయచూరు దగ్గర, తెలంగాణ యాసలో తెలుగు మాట్లాడే యాపలదిన్ని నుంచి ఆ ఊరికి కోడలిగా వచ్చింది. భర్త పోయాడు, కొడుకుకి హట్టి బంగారు గనిలో ఉద్యోగం, అక్కడే క్వార్టర్సులో కాపురం. పొలం మాత్రం ఆవిడే చేసుకునేది. సన్నగా, నల్లగా, చెంగు నడుముకి బిగించి గట్టు మీద నిలబడితే మా నాన్నంతటివాడు కూడా కాస్త వెనక్కి జరిగి అరిచేవాడు.

"ఏవమ్మోయ్! నీ మడవ ఇంకా ముయ్యలేదా? నీళ్ళు నీ ఒక్కదానివేనా?" అని మా నాన్న. మడవంటే మడిలోకి నీళ్ళు వచ్చే గండి. రెండు పారల మట్టి వేస్తే మూసుకుంటుంది, రెండు పారల మట్టి తీస్తే తెరుచుకుంటుంది. ఆ రెండు పారల మట్టి మీదే మా బతుకులన్నీ నడిచేవి.

"ఏంది ఆంధ్రాయనా, గిట్ల ఒర్లుతవ్? నా మడి తడవకముందే మూయమంటవా? సుమ్నె కూసో జర!" అని పెద్దమ్మ. సుమ్నె అంటే కన్నడంలో ఊరికే, నోరు మూసుకుని అని.

ఇది వారం వారం జరిగే భాగోతం. వినీ వినీ మా అమ్మకి ఎంత అలవాటైపోయిందంటే, ఒకరోజు ఆ అరుపులు వినపడకపోతే "పెద్దమ్మకి ఒంట్లో బాలేదేమో, చూసిరారా" అని నన్ను పంపింది.

ఇక నేను. నా ఉద్యోగం పరుగు. పుస్తకాల సంచి పక్కన పడేశానో లేదో "నీళ్ళొచ్చాయేమో చూసిరారా" అనేవాడు నాన్న. ఇంటి నుంచి తూము దాకా కాలువ గట్టు మీద పరుగు. రాలేదని చెప్పడానికి వెనక్కి పరుగు. "ఇప్పుడొచ్చాయేమో" అంటే మళ్ళీ పరుగు. వానకి జారే గట్టు, ఎండకి నెర్రెలిచ్చిన గట్టు, దమ్ము చేసిన మడిలో మోకాలి లోతు బురద, అన్నిటి మీదా పరిగెత్తాను. ఫోన్లు వచ్చాక ఈ పని తప్పుతుందనుకున్నాను. తూముకి ఫోన్ ఉండదు కదా, తప్పలేదు.

నేను సైన్యంలోకి ఎందుకు వెళ్ళానని అడుగుతుంటారు. చిన్నప్పటి నుంచీ దేశభక్తి ఉప్పొంగేదని చెప్తే వినడానికి బావుంటుంది. నిజం చెప్పనా? సింధనూరులో డిగ్రీ అయింది. చేతిలో పార ఉంది. ఒకరోజు తూము దాకా పరిగెత్తి, నీళ్ళు రాలేదని చూసి, వెనక్కి తిరిగి, గట్టు మధ్యలో ఆగిపోయాను. జీవితమంతా ఈ గట్టు మీద అటూ ఇటూ పరిగెత్తడానికేనా పుట్టింది అనిపించింది. ఎవరి మీదో కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక కాలువలో మట్టిబెడ్డ విసిరాను. ఆ వారమే బస్టాండులో కనపడ్డ స్నేహితుడు, రాయచూరులో సైన్యానికి మనుషుల్ని తీసుకుంటున్నారు, పరుగు పందెం పెడతారట అన్నాడు. పరుగా! పరుగైతే నాకు వచ్చు అనుకున్నాను.

నిజంగానే వచ్చు. ఆ మైదానంలో నేలంతా చదునుగా ఉంది, కాలు జారేది లేదు, బురద లేదు, ముళ్ళు లేవు. దేవుడా, మనుషులు ఇంత సుఖంగా కూడా పరిగెత్తుతారా అనుకుంటూ పరిగెత్తాను. ముందువరసలో వచ్చాను. డాక్టరు చూశాడు, పరీక్ష రాశాను, రమ్మని కబురొచ్చింది. అంతవరకూ ఇంట్లో చెప్పలేదు.

చెప్పింది పొలంలో. నారుమడి దగ్గర నాన్న నడుం వంచి ఉన్నాడు. ఆయనకి అప్పటికే మోకాళ్ళు పట్టేస్తున్నాయి. ఒక్కడే నీళ్ళు కట్టి, తూము దగ్గర కాపలా కాసి, గట్లు చెక్కలేడని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. నేను వెళ్తే పొలం కౌలుకివ్వాలి. మా తాత ముళ్ళకంప కొట్టి సాగులోకి తెచ్చిన పొలం అది. కౌలుకివ్వడమంటే మా నాన్నకి ప్రాణం పోయినంత పని. ఆయన చేతిలో ఉన్న నారు కట్టకట్టి గట్టు మీద పెట్టాడు. తర్వాత నిటారుగా లేచి నిలబడి, చేతికి అంటిన బురద పంచెకి తుడుచుకుని, కాలువ అవతలి వాళ్ళకి కూడా వినపడేట్టు అన్నాడు.

"సరే, వెళ్ళు! ఈ ఏడు నేనొక్కడినే చేస్తాను. ఈ పంట చేతికొచ్చిందా, నీ దారి నీది, నేనడగను. రాలేదా, మూటాముల్లె సర్దుకునొచ్చి పార పట్టుకో! అంతే! ఇంకో మాట లేదు!"

మాటిచ్చాను. సైన్యంలో చేరాక అలా వచ్చెయ్యచ్చా అని అడక్కండి. ట్రైనింగులో ఉండగా వెనక్కి పోయేవాళ్ళు ఉంటారు, నేను కళ్ళారా చూశాను. మాటిచ్చానంటే వచ్చేవాణ్ణే. పై గట్టు మీద పెద్దమ్మ కలుపు తీస్తోంది. తల ఎత్తి ఒకసారి మా వైపు చూసింది, మళ్ళీ వంగింది. ఆ సంగతి అప్పుడు నేను పట్టించుకోలేదు.

ట్రైనింగు గురించి గొప్పగా చెప్పుకోవాలని ఉంటుంది కానీ, మొదటి నెల నేను నవ్వులపాలయ్యాను. నాకు హిందీ బ్రహ్మాండంగా వచ్చనుకున్నాను. చిన్నప్పటి నుంచీ సింధనూరు బజారులో మాట్లాడినవాణ్ణి కదా. అది రాయచూరు హిందీ అని అక్కడికెళ్ళాక తెలిసింది. మాకు నేర్పే హవల్దారుని ఉస్తాద్ అంటారు. ఆయన మెస్సులో ఇంకో రొట్టె కావాలా అని అడిగితే, వద్దనడానికి మా బజారు మాటలో "నక్కో ఉస్తాద్" అన్నాను. వరసంతా గొల్లుమంది. పంజాబువాడు, గఢ్‌వాల్‌వాడు, బెంగాలీవాడు, అందరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నాకు మా నాన్న కోపం వచ్చింది. మా నాన్న గొంతుతో "ఏంట్రా నవ్వుతారు!" అన్నాను. తెలుగులో అన్నా అందరికీ అర్థమైంది. ఉస్తాద్‌కి కూడా అర్థమైంది. ఆ పూటంతా నెత్తి మీద బరువు పెట్టుకుని మైదానం చుట్టూ పరిగెత్తాను. పరుగే కదా అనుకున్నాను.

అసలు పరువు పోయింది మోర్చా దగ్గర. మోర్చా అంటే సిపాయి దాక్కుని కాల్చడానికి తవ్వుకునే గొయ్యి. తవ్వమన్నారు. అబ్బో, మట్టి పనా! బియ్యం సంచి లేపలేని పట్నం కుర్రాళ్ళు పారని ఎలా పట్టుకోవాలో తెలియక అల్లాడుతుంటే, నేను చకచకా తవ్వేశాను. తవ్విన మట్టిని చుట్టూ గట్టుగా వేశాను. వేసి ఊరుకున్నానా? నీళ్ళు చల్లి, కాలితో తొక్కి, పార వెనకతట్టుతో మెత్తి, చీమ దూరే సందు లేకుండా నున్నగా అలికాను. ఉస్తాద్ మెచ్చుకుంటాడని పక్కనే నిలబడ్డాను. అప్పుడే వాన మొదలైంది. అందరి మోర్చాల్లో నీళ్ళు పక్క కాలవల్లోంచి బయటికి పోయాయి. నేను కాలవ తవ్వలేదు. నీళ్ళని బయటికి పంపేవాడెవడన్నా ఉంటాడా? మా వైపు అలాంటివాణ్ణి పిచ్చివాడంటారు. నా మోర్చా అంచుదాకా నిండింది.

ఉస్తాద్ వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. "బాబూ, ఇందులో కూర్చుని యుద్ధం చేస్తావా, వరి నాటుతావా?" అని అడిగాడు. నాటుతాను ఉస్తాద్ అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. మగ్గుతో ఆ నీళ్ళన్నీ తోడించాడు. తోడుతుంటే పక్కన కూర్చుని, ఎక్కడివాడివి, ఏం పంట అని అడిగి, కాలువ సంగతంతా విన్నాడు. ఆయనది పల్లెటూరేనట. చివరికి లేస్తూ, "నీళ్ళు ఆపడం నీకు ఎవరూ నేర్పక్కర్లేదు. వదలడం నేర్చుకో" అన్నాడు. ఆయన మోర్చా గురించే అన్నాడు. నాకు మాత్రం ఆ మాట ఉండిపోయింది.

ఆదివారం ఆదివారం ఇంటికి ఫోన్ చేసేవాణ్ణి. అందరూ అమ్మా ఎలా ఉన్నావు అని మొదలుపెడితే, నేను "పంట ఎలా ఉంది" అని మొదలుపెట్టేవాణ్ణి. మొదట బావుందని చెప్పింది అమ్మ. తర్వాత వానలు వెనకబడ్డాయంది. డ్యాములో నీళ్ళు తగ్గాయి, కాలువని వంతులవారీగా వదులుతున్నారంది. ఆపైన ఒక ఆదివారం, పైరు పొట్టకొచ్చిందిరా, ఈ రెండు తడులూ అందకపోతే అంతే, అంది. గొంతు అదోలా ఉంది. నాన్నకి ఇవ్వమంటే పొలంలో ఉన్నాడంది. ఎప్పుడు ఫోన్ చేసినా పొలంలోనే ఉన్నాడు.

ఆ రోజులు నాకు బాగా గుర్తు. అప్పటికి నాకు ఆ జీవితం నచ్చేసింది. పొద్దున్నే విజిల్, వరసలు, నా పక్క మంచం మీది బెంగాలీ కుర్రాడు, వాడి పాటలు, ఒళ్ళు నొప్పులు, ఉస్తాద్ తిట్లు. నా చేతనయింది ఒకటి ఈ లోకంలో ఉందని మొదటిసారి తెలిసింది. అది పోతుందేమోనని రోజూ భయంగా ఉండేది. ఆకాశం వంక చూసేవాణ్ణి. అక్కడ మబ్బు పడితే మా ఊళ్ళో పడినట్టు కాదని తెలిసినా చూసేవాణ్ణి. అమ్మ "వచ్చెయ్యరా" అంటుందని ప్రతి ఆదివారం అనుకున్నాను, అనలేదు. చివరికి ఒక ఆదివారం, పంట నిలబడిందిరా అంది.

సగం ట్రైనింగు అయ్యాక కొద్దిరోజులు సెలవిచ్చారు. సరిగ్గా కోతల వేళ. బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా పొలానికి వెళ్ళాను. మా మడి చూసి నాకు ఏడుపొచ్చింది. కంకులు బరువుకి వంగి, పచ్చగా బంగారంలా ఉన్నాయి. గింజ నలిపి చూశాను, గట్టిగా ఉంది. హమ్మయ్య అనుకుని తల ఎత్తాను.

పైమడి తెల్లగా ఉంది. కంకులు నిటారుగా నిలబడి ఉన్నాయి. వరి పండించేవాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. గింజ పాలు పోసుకోలేదు, తాలు పోయింది. మడిలో ముప్పావు భాగం తాలే.

నాకు అర్థం కాలేదు. కాలువ పుట్టినప్పటి నుంచీ కింది మడి ఎండి పైమడి పండటం ఉంది. పైమడి ఎండి కింది మడి పండటం ఎక్కడన్నా ఉందా? నీళ్ళు ముందు వెళ్ళేది ఆవిడ మడవ ముందు నుంచే. ఆవిడ మడవ మూసి ఉంటే తప్ప అన్ని నీళ్ళూ మాకు రావు. మూసి ఉంటే తప్ప! వెళ్ళి చూశాను. మడవలో మట్టి గట్టిగా, నున్నగా కొట్టి ఉంది, దాని మీద గడ్డి కూడా మొలిచింది.

పాత ఊళ్ళోకి వెళ్ళాను. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని జొన్నలు చెరుగుతోంది. నన్ను చూసి, "అరె, గుండు గీకించినరా బిడ్డా! సిపాయి లెక్కనే ఉన్నవ్" అంది నవ్వుతూ.

"పెద్దమ్మా, నీ మడి ఏంటి అలా అయింది?"

"ఏమో. ఎండింది."

"మడవ ఎందుకు మూశావు?"

చెరగడం ఆపలేదు. "మీ నాయన ఒర్లుడు తట్టుకోలేక మూసిన" అంది. నేను కదల్లేదు. కాసేపు చూసి చేట పక్కన పెట్టింది.

"జర కూసో. నీ వయసు కన్న చిన్నగున్నప్పుడు, యాపలదిన్నిల, నేను నర్సు ట్రైనింగుకు పోతనన్న. రాయచూరుల సీటు గుడ ఇస్తమన్నరు. మా నాయన ఏమన్నడో ఎరికేనా? ఈ పంట రానీ, పంటొస్తే పో అన్నడు." చేతిలో నాలుగు జొన్నలు తీసుకుని చూసింది. "పంట రాలే. ఇగ పెండ్లి జేసిన్రు. మీ నాయన మడిల నిలబడి గదే మాట అన్నడు సూడు, నాకు మా నాయన గొంతే ఇనబడ్డది. గింత పెద్ద గొంతు గాదనుకో. నాకు అడ్డం పడ్డ పంట నీకు గుడ పడాల్నా?"

నేను ఆవిడ కాళ్ళ మీద పడ్డాను. సిగ్గేం లేదు, చెప్తున్నాను. పడి భోరున ఏడ్చాను. "ఏ, లే లే! సిపాయివి, గిట్ల ఏడుస్తర? మంది జూస్తరు" అని భుజం మీద కొట్టింది. "నాకు కొడుకున్నడు, హట్టి నుంచి తెచ్చి పెడ్తడు. ఒక్క పంట పోతె సావను. నువ్వు పో. మళ్ళ గీ ముచ్చట ఎవల్తోని అనకు. మీ నాయనతోని అసలే వద్దు, గాయన పరేషాన్ అయితడు."

నాన్నతో అనలేదు. కానీ అడగకుండా ఉండలేక, "పెద్దమ్మ మడి ఎండిపోయిందే" అన్నాను. "ఆవిడ మడి సంగతి నాకెందుకు? కోత మిషనుకి చెప్పొచ్చావా లేదా?" అని అరిచాడు. నాకు ఒళ్ళు మండింది. అన్నం తినే మనిషివేనా అనుకున్నాను. అమ్మ మాత్రం వంటింట్లో మెల్లిగా చెప్పింది. పొద్దున పెద్దమ్మ వంతు, మధ్యాహ్నం నుంచి మన వంతు; ఆ మధ్యాహ్నం నాన్న వెళ్ళేసరికి మన మడి అప్పటికే తడిసి ఉందట, ఆ రోజు మీ నాన్న ఇంటికొచ్చి ఒక్క మాట మాట్లాడలేదురా, నాకు భయమేసింది, అంది. ఆ మాట నేను సరిగ్గా విననే లేదు. నా కోపంలో నేనున్నాను.

ఆ తర్వాత చాలా ఏళ్ళు సైన్యంలో ఉన్నాను. ఎడారిలో ఉన్నాను, అడవుల్లో ఉన్నాను. ఎక్కువగా గుర్తుండేది మంచుకొండలు. అక్కడ చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క ఉండదు. మంచు తెచ్చి, గిన్నెలో వేసి, కిరోసిన్ స్టవ్ మీద కరిగించుకోవాలి. గిన్నెడు మంచుకి గ్లాసెడు నీళ్ళు కూడా రావు. మాకు అక్కడ ఒక పద్ధతి ఉండేది. ఎవరూ రాసి పెట్టింది కాదు. బయట కాపలా కాసి లోపలికి వచ్చినవాడిదే మొదటి మగ్గు. స్టవ్ దగ్గర కూర్చుని కరిగించినవాడు చివర తాగాలి. మొదటిసారి నేను కాపలా నుంచి వచ్చినప్పుడు ఒక గఢ్‌వాలీ కుర్రాడు మగ్గు నా చేతిలో పెట్టాడు. వాడి పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. నువ్వు తాగావా అంటే, తర్వాత అన్నాడు. ఆ మగ్గు పట్టుకుని నేను పెద్దమ్మని తలుచుకున్నాను.

నీళ్ళ కోసం తలలు పగలగొట్టుకునే చోట పుట్టినవాణ్ణి నేను. ముందు నాది, తర్వాత నీది అన్నదే మా పాఠం. చివరగా తాగడం నాకు సైన్యం నేర్పింది. వంతు వచ్చేదాకా నోరు మూసుకుని నిలబడటం నేర్పింది. నా గొంతు తగ్గింది. ఎక్కడో మంచులో అరిస్తే కొండ విరిగి మీద పడుతుందని చెప్తే ఎవడికైనా తగ్గుతుంది లెండి. కోపం పోయిందని చెప్పను, ఉంది. వచ్చాక ఒక నిమిషం ఆగి మాట్లాడటం వచ్చింది. సెలవులకి వస్తే దుప్పటి ముడత లేకుండా పరిచి, చెప్పులు వరసలో పెట్టేవాణ్ణి. మా అమ్మ వచ్చినవాళ్ళందరినీ పిలిచి ఆ మంచం చూపించి నవ్వేది. ఇవన్నీ ఇచ్చినందుకు సైన్యానికి రుణపడి ఉన్నాను. అక్కడిదాకా నన్ను పంపినందుకు, మట్టితో మూసిన ఒక మడవకి రుణపడి ఉన్నాను.

ఒక సెలవులో పెద్దమ్మకి కాశ్మీరు నుంచి మంచి ఉన్ని శాలువా తెచ్చాను. రాయచూరు జిల్లాకి ఉన్ని శాలువా! ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మస్తుగుంది బిడ్డా" అని మురిసిపోయింది. మర్నాడు వెళ్తే దాన్ని జొన్నరొట్టెల బుట్ట మీద కప్పి ఉంచింది. రొట్టెలు సాయంత్రం దాకా మెత్తగా ఉంటున్నాయట. ఇప్పటికీ అదే పని చేస్తోంది ఆ శాలువా.

రిటైరై వచ్చి, కౌలుకిచ్చిన పొలం వెనక్కి తీసుకుని, మళ్ళీ పార పట్టుకున్నాను. ఈసారి నా ఇష్టంతో పట్టుకున్నాను. మా అమ్మ లేదిప్పుడు. నాన్నకి మోకాళ్ళు పూర్తిగా పోయాయి. కర్ర పట్టుకుని పొలానికొచ్చి, గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చుంటాడు. పర్యవేక్షణ అంటాడు. గొంతు మాత్రం చెక్కు చెదరలేదు. పెద్దమ్మ నడుం వంగింది. హట్టి నుంచి మనవరాలు వచ్చి ఆవిడ దగ్గరే ఉండి, సింధనూరు కాలేజీలో చదువుతూ, పొలం చూస్తోంది. నీళ్ళు వచ్చాయేమో చూడటానికి కాలువ గట్టు మీద ఆ పిల్ల పరిగెత్తుతుంటే మొదటిరోజే గుర్తుపట్టాను. ఆ పరుగు నాకు తెలుసు.

ఇప్పుడు ఆడపిల్లల్ని కూడా సైన్యంలోకి తీసుకుంటున్నారు. ఆ పిల్లే వచ్చి అడిగింది, "మామా, నేను పోవచ్చా?" అని. రోజూ పొద్దున్నే గట్టు మీద పరిగెత్తించాను. నన్ను ఉస్తాద్ తిట్టిన తిట్లలో ఆడపిల్ల ముందు అనగలిగినవి ఏరి ఏరి తిట్టాను. పరుగులో నెగ్గింది, పరీక్ష నెగ్గింది, రమ్మని కబురొచ్చింది. పెద్దమ్మ ఊరంతా బెల్లం పంచింది.

ఈ ఏడు మళ్ళీ వానలు వెనకబడ్డాయి. కాలువకి మళ్ళీ వంతులు. మొన్న మా వంతు రోజు, మధ్యాహ్నం, పెద్దమ్మ మడవ మూసి నీళ్ళు మాకు తిప్పుకుందామని పార భుజాన వేసుకుని వెళ్ళాను. మనవరాలు గట్టు మీద ముఖం ముడుచుకుని కూర్చుంది. కళ్ళు వాచి ఉన్నాయి. పెద్దమ్మ తల వంచుకుని కలుపు పీకుతోంది.

"ఏమైందే?" అన్నాను.

"అవ్వ పోవద్దంటుంది మామా."

"పోవద్దని నేనెప్పుడన్ననే?" అంది పెద్దమ్మ, తల ఎత్తకుండా. "నాకు శాతనైతలేదు, నీళ్ళెవలు కడ్తరు అన్న. ఈ పంట రానీ. పంటొస్తే పో. గంతే గద నేనన్నది."

నా చేతిలో పార ఆగిపోయింది. తనేమందో ఆవిడకి తెలియలేదు. చెప్పాలనే అనుకున్నాను. పెద్దమ్మా, ఇది మీ నాయన మాట అని నేనంటే, ఆ ముసలి ముఖం ఏమైపోతుందో అని భయపడ్డాను. మంచుకొండల మీద కూడా అంత భయపడలేదు. పార నేల మీద ఆనించి అలా నిలబడిపోయాను.

"ఏవమ్మోయ్!"

కింది గట్టు మీద నుంచి మా నాన్న. గొడుగు పక్కన పడేసి, కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఏంది ఆంధ్రాయనా, ఒర్లుతవ్? నీ కొడుకొచ్చిండు, నీ నీళ్ళు నీకొస్తయ్!"

"నీళ్ళు కాదు! ఆ మాట అనమాక!"

"ఏ మాట?"

"పంటొస్తే పో అనే మాట! ఆ మాట మావాడితో నేనన్నాను! ఇదిగో, ఇక్కడే నిలబడి అన్నాను! నేనన్న మాటకి నీ మడి ఎండింది. నాకు తెలవదనుకున్నావా? నీ మడవలో మట్టి చూశాను, మా మడిలో నీళ్ళు చూశాను. ఇన్నేళ్ళూ చెప్పటానికి నోరు రాలేదమ్మా నాకు!"

మా నాన్నకి నోరు రాకపోవడం! నాకు నవ్వు రాలేదు. ఆయన గొంతు వణుకుతోంది. ఆ గొంతు వణకడం నేను పుట్టాక వినలేదు.

"పిల్లని పంపించు! మా వంతు నీళ్ళు కూడా నువ్వే పెట్టుకో. మావాడు కడతాడు. మాది ఎండితే ఎండనీ!"

పెద్దమ్మ చేతిలో కలుపుతో అలాగే నిలబడింది. మెల్లిగా గట్టు మీద కూలబడింది. మనవరాలి చెయ్యి పట్టుకుని, "మా నాయన మాట నా నోట్లకొచ్చిందే" అంది. "సూడు, ఎట్లొచ్చిందో సూడు." ఆ పిల్లకి ఏమీ అర్థం కాక అవ్వని పట్టుకుని ఏడ్చేసింది. పెద్దమ్మ కాసేపటికి చెంగుతో ముక్కు తుడుచుకుని, "లే, జల్దీ లే. బట్టలు సర్దుకో పో. నీళ్ళు మామ జూస్తడు" అంది.

నేను వంగి పార పట్టుకున్నాను. పైమడి మడవ మూయడానికి వచ్చినవాణ్ణి, రెండు పారల మట్టి తీసి తెరిచాను. నీళ్ళు పైమడిలోకి తిరిగాయి.

"ఇంకా వెడల్పు తియ్యరా!" అని అరిచాడు మా నాన్న కింది నుంచి. "అన్నం తిన్లేదా?"

తీశాను.